ప్రస్థానం పెట్టిన పెద్దచేయి

కమలాంబకి ఆ శనివారం పొద్దుటినుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. పొయ్యిమీద పప్పు పడేసి వీధిలోకి వచ్చింది. వీధిలో ఎవరూ లేరని పెరట్లోకి వెళ్ళింది. పెరట్లోకి ఎందుకొచ్చిందో గుర్తురాక మళ్ళీ వంటింట్లోకి వచ్చేసరికి పప్పు అడుగంటి ఇల్లంతా మాడు కంపు. కాలుగాలిన పిల్లి అంటారే, అచ్చం ఆ వాలకం. ఇంట్లో మిగతావాళ్ళేమో పెళ్ళివారిలా హడావుడి పడుతున్నారు. భర్త రామనాథ్ సూట్‌కేసు సర్దుతూ ఈల వేస్తున్నాడు. మామగారు దత్తాత్రేయులుగారు పంచాంగం ముందేసుకుని వేళ్ళమీద లెక్కలు కడుతున్నారు. మాడిన పప్పు గురించి ఒక్కరంటే ఒక్కరూ అడగలేదు. ఆవిడ మంట కూడా అదే.

సోమవారం కూతురు వైదేహి ఆస్ట్రియా వెళ్తోంది. చదువుకోవడానికి కాదు, ఉద్యోగానికీ కాదు. మంచుమీద హాకీ ఆడటానికి.

ఇదేం చోద్యమని మీరనుకుంటే తప్పులేదు, రెండువేల ఎనిమిది శ్రావణమాసంలో తిరువూరు మొత్తం అదే అనుకుంది. ఎండాకాలం వస్తే కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని కూర్చునే ఊరు అది. ఆ ఊరికి తెలిసిన మంచల్లా సోడాబండి మీద పొట్టులో కప్పెట్టిన ఐసుగడ్డ ఒక్కటే. దానిమీద ఆటేంటి, అదీ ఆడపిల్లలు ఆడటమేంటి, అందులోనూ గుడి అర్చకులుగారి మనవరాలేంటి అని బస్టాండు దగ్గర టీ తాగేవాళ్ళంతా తెగ ఆశ్చర్యపడ్డారు.

తప్పంతా రామనాథ్‌దేనని కమలాంబ లెక్క. ఆయన మండలాఫీసులో గుమాస్తా. ఒక్కగానొక్క కూతురు చిన్నప్పటినుంచీ కుదురుగా కూర్చోదు. ఏదో ఒక ఆట నేర్పితే అలిసిపోయి వేళకి నిద్రపోతుందని విజయవాడలో చక్రాల బూట్లు కొనిపెట్టాడు మహానుభావుడు. ఆదివారమాదివారం బస్సెక్కించి తీసుకెళ్ళి అక్కడి క్లబ్బులో రోలర్ హాకీలో చేర్పించాడు. గోల్ ముందు నిలబడి దెబ్బలు తినడానికి ఏ పిల్లా ఒప్పుకోకపోతే ఈవిడగారు నేనుంటానంది. అలా గోల్‌కీపరైంది. జిల్లాకి ఆడింది, రాష్ట్రానికి ఆడింది. కిందటి చలికాలం సిమ్లాలో నిజం మంచుమీద శిబిరం పెడితే అక్కడికీ వెళ్ళింది. ఆ శిబిరానికి ఆస్ట్రియానుంచి హెల్గా అనే కోచ్ వచ్చి, వైదేహి ఆట చూసి గుడ్లప్పగించింది.

గుడ్లప్పగించడానికి కారణం పిల్ల చేతివాటం. వైదేహిది ఎడమచేయి. "అర్చకులింట్లో పుట్టి ఎడంచేత్తో తీర్థం పడతావటే" అని తాతగారు చిన్నప్పుడు మొట్టికాయలు వేసి మరీ ఏదిచ్చినా కుడిచేత్తో పట్టించారు. దాంతో గాల్లో ఏదొచ్చినా కుడిచేత్తో పట్టడం, కర్ర మాత్రం ఎడంచేత్తో తిప్పడం పిల్లకి అలవాటైపోయింది. లోకంలో గోల్‌కీపర్లు చాలామంది దీనికి తిరగేసి ఆడతారట. ఇలాంటి కీపరు ఎదురైతే కొట్టేవాళ్ళకి ఎటు కొట్టాలో తోచదట. మొట్టికాయలు ఇలా కలిసొస్తాయని దత్తాత్రేయులుగారు కలలో కూడా అనుకోలేదు.

హెల్గా క్లబ్బు ఆడే లీగ్ ఒక్క దేశానిది కాదు. ఆస్ట్రియా, హంగేరీ, ఇటలీ, స్లొవేకియా, అలా నాలుగైదు దేశాల ఆడవాళ్ళ క్లబ్బులు చలికాలమంతా ఒకళ్ళమీద ఒకళ్ళు ఆడతాయి. శనివారం పొద్దున్నే బస్సెక్కి పక్కదేశం పోయి ఆడి, మర్నాటికి ఇల్లు చేరతారు, మనవాళ్ళు మైలవరం వెళ్ళొచ్చినట్టు. ఆ బస్సులో ఒక సీటు కోసం వైదేహికి నెల్లాళ్ళ పరీక్ష. నెగ్గితే సీజనంతా అక్కడే. కాకపోతే ఒక షరతు ఉంది. బంతికి బదులు ఆడే రబ్బరు బిళ్ళని పట్టుకునే తోలు తొడుగు కుడిచేతిది తమ క్లబ్బులో లేదనీ, కొత్తది చేయించాలంటే నెలలు పడుతుందనీ, నీది నువ్వే తెచ్చుకోమనీ హెల్గా ముందే చెప్పింది. ఆ తొడుగు లేకపోతే పరీక్ష లేదు. సిమ్లాలో ఒక రిటైరైన మిలిటరీ ఆయన దగ్గర దొరికిందది, ఆయనా ఎడంచేతివాటం మనిషే కాబట్టి. చేటంత ఉంటుంది. ఇంట్లో దాన్ని అందరూ పెద్దచేయి అనేవాళ్ళు.

ఆట ఎలా ఉంటుందో మీవాళ్ళకి చూపించమని హెల్గా ఒక సీడీ కూడా పంపింది. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని చూశారు. నల్ల రబ్బరు బిళ్ళ, రాయిలాంటిది, కంటికి ఆనడం లేదు, అంత జోరుగా పోతోంది. కాసేపటికి ఆ బిళ్ళ వచ్చి ఒక గోల్‌కీపరు పిల్ల గొంతు దగ్గర తగిలింది. పిల్ల దబ్బున వెనక్కి పడిపోయింది. కదల్లేదు. అందరూ చుట్టూ మూగారు. చాలాసేపటికి లేచి, ముసుగు తీసి, పళ్ళన్నీ కనపడేట్టు నవ్వింది. "చూశావా, ఏం కాలేదు, లేచింది" అన్నాడు రామనాథ్. "లేచిందిగా అమ్మా" అంది వైదేహి. దత్తాత్రేయులుగారు కూడా "గట్టిపిల్లే" అన్నారు. కమలాంబ లేచి వెళ్ళి అవసరం లేకపోయినా గిన్నెలు తోమింది. ఆ రోజునుంచి ఆవిడకి కళ్ళు మూసుకుంటే ఆ పడిపోయిన పిల్లే, లేచిన పిల్ల ఒక్కసారి కూడా కనపడలేదు.

పంచాంగం మూసి దత్తాత్రేయులుగారు తేల్చారు.

"సోమవారం నవమి. నవమినాడు ప్రయాణం పనికిరాదు."

"టికెట్టు మారదు నాన్నగారూ" అన్నాడు రామనాథ్.

"మార్చమన్నానా నేను? ఇవాళ సప్తమి, గడియ దివ్యంగా ఉంది. ప్రస్థానం పెట్టేద్దాం."

ఈకాలం పిల్లలకి ప్రస్థానమంటే తెలియకపోవచ్చు, చెబుతాను. మంచి గడియలో మనిషి బయల్దేరే వీలు లేకపోతే, మనిషికి బదులు మనిషి వస్తువు బయల్దేరుతుంది. దాన్ని పసుపుగుడ్డలో కట్టి, ప్రయాణం ఏ దిక్కుకో ఆ దిక్కున వీధికి అవతలున్న ఇంట్లో పెడతారు. అక్కడితో ప్రయాణం మొదలైనట్టే లెక్క. తర్వాత ఏ రోజు కదిలినా దోషం అంటదు, వెళ్తూ వెళ్తూ ఆ మూట తీసుకుని పోవడమే. ఒకటే కట్టుబాటు. పెట్టిన వస్తువు మళ్ళీ సొంతింటి గడప దాటి లోపలికి రాకూడదు. వచ్చిందా, ఆ ప్రయాణం చెడిందన్నమాటే.

"పట్టుబట్టలు పెడదామా తాతయ్యా?" అంది వైదేహి.

"పట్టుబట్టలు కట్టుకుని ఆడతావా అక్కడ? ఏ పనిమీద వెళ్తున్నావో ఆ వస్తువే పెట్టాలి. ఆ పెద్దచేయి ఇలా పట్రా."

విమానం ఎక్కే హైదరాబాదు పడమరకి కదా, పడమట వీధికవతల ఇల్లు నాగూర్‌ది. నాగూర్ పరుపులు కుడతాడు. ఇంటిముందు రేకుల షెడ్డులో దూది ఏకుతూ ఉంటాడు, ఎప్పుడు చూసినా కనుబొమలమీద దూది. పక్కింటి సుబ్బాయమ్మ వచ్చి, "సాయిబులింట్లోనా పెట్టేది?" అని బుగ్గలు నొక్కుకుంది.

"దిక్కుకి కులమేంటే సుబ్బాయమ్మా? పడమర వాళ్ళున్నారు, వాళ్ళింట్లోనే పెడతాం. స్వామివారు పడుకునే పరుపు కుట్టేది వాడు కాదూ" అని కసిరారు దత్తాత్రేయులుగారు. ఆయన నోటికి ఊళ్ళో ఎదురులేదు.

నాగూర్ భార్య రహమత్‌బీ కొంగు సవరించుకుని రెండుచేతులా మూట అందుకుంది. లోపలికి తీసుకెళ్ళి కొత్తగుడ్డ పరిచి పెట్టెమీద పెట్టింది. "పిల్ల బయల్దేరేదాకా ఇది మా ఇంటిబిడ్డే అనుకోండి పంతులుగారూ" అంది. అందరూ సంతోషించారు. కమలాంబకి మాత్రం ఈ తతంగంలో ఒక్కమాటే చెవిలో ఉండిపోయింది, గడప దాటి లోపలికొస్తే ప్రయాణం చెడుతుందన్న మాట.

ఆదివారం కృష్ణాష్టమి. కమలాంబ వీధి గుమ్మంనుంచి పూజగదిదాకా బియ్యప్పిండితో చిన్నికృష్ణుడి పాదాలు వేసింది. పాదం ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ వచ్చాయి. పెద్దచేయి దగ్గర లేక వైదేహికీ చేతులు ఊరుకోవడం లేదు. పెరటిగోడకి బంతి కొట్టి ఉత్తచేత్తో పట్టుకుంటోంది. దబ్, దబ్ అని ఒకటే చప్పుడు. ఆ చప్పుడు గోడకి తగులుతోందో తన గుండెకి తగులుతోందో కమలాంబకి తెలియలేదు. "కాస్త ఆపవే తల్లీ" అని అరవబోయి, రేపీపాటికి చప్పుడు అదే ఆగిపోతుందని తోచి నోరు మూసుకుంది.

మధ్యాహ్నం తండ్రీ కూతుళ్ళు స్నేహితులకి చెప్పిరావడానికి బజారెళ్ళారు. మామగారు గుళ్ళో ఉన్నారు. కమలాంబ పైట నిండా కప్పుకుని వీధి దాటింది. ఇది చేస్తానని ఆవిడ పొద్దున్న అనుకోలేదు, వీధి మధ్యలో ఉన్నప్పుడు కూడా అనుకోలేదు. రహమత్‌బీ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"రహమత్, ఆ మూట ఇచ్చెయ్యి. మామయ్యగారు తెమ్మన్నారు."

"మళ్ళీ ఇంట్లోకి తేకూడదన్నారుగా కమలమ్మగారూ?"

కమలాంబ నోటికి ఏదొస్తే అది అనేసింది. "మీ ఇంట్లో ఉంచడం మంచిది కాదని ఎవరో అన్నారట. ఆయన మనసు మార్చుకున్నారు."

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు. రహమత్‌బీ చేతిలో చేట అలాగే ఉండిపోయింది. మొహంలో నెత్తురుచుక్క లేదు. "సరేనండి" అని మాత్రం అని, లోపలికెళ్ళి మూట తెచ్చి ఇచ్చింది. నిన్న రెండుచేతులా అందుకున్నంత మర్యాదగానే ఇచ్చింది. కమలాంబ దాన్ని కొంగుకింద పెట్టుకుని, తలెత్తకుండా వీధి దాటి, పిండి పాదాలు తొక్కుకుంటూ సొంతింటి గడప దాటింది. దాటి, ఎవరూ చెయ్యి పెట్టని చోటేదని వెతికి, మడిగదిలో ఆవకాయ జాడీల వెనక దూర్చింది. తోలు వస్తువు తీసుకెళ్ళి మడిగదిలో పెట్టడం! ఇరవైరెండేళ్ళ కాపరంలో ఒక్కనాడు మైలగుడ్డతో ఆ గుమ్మం తొక్కని మనిషి.

ఇక స్థిమితంగా ఉంటుందనుకుంది. నవమి ఉంది, ప్రస్థానం చెడింది, ప్రయాణం అదే ఆగిపోతుంది, ఎవరూ ఎవర్నీ అనక్కర్లేదు అనుకుంది. స్థిమితం సంగతలా ఉంచి, ఉన్న కాస్త ప్రాణమూ గిజగిజలాడింది. సాయంత్రం పూజలో హారతిపళ్ళెం తిప్పుతూ మధ్యలో ఆగిపోతే మామగారు "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. ఆ జాలిమాటకి ఆవిడకి ఏడుపొచ్చినంత పనయింది.

సోమవారం హైదరాబాదు బస్సు పదకొండింటికి. రామనాథ్ కూతురితోపాటు విమానందాకా వెళ్తున్నాడు. పది దాటాక సామాను తీసుకుని అందరూ వీధిలోకి వచ్చారు. దత్తాత్రేయులుగారు ముందు, వెనక కర్రా కాళ్ళకట్టూ ఉన్న పెద్దసంచీ భుజాన వేసుకుని వైదేహి. చిట్టచివర కమలాంబ.

"అమ్మా రహమత్, మా ప్రస్థానం ఇచ్చెయ్యి తల్లీ. పిల్ల బయల్దేరుతోంది" అని పిలిచారు పెద్దాయన.

రహమత్‌బీ గుమ్మంలోకి వచ్చి అయోమయంగా చూసింది. "అదేంటి పంతులుగారూ, మీరేగా..." అని మొదలుపెట్టి, ఆయన వెనక నిలబడ్డ కమలాంబ మొహం చూసి ఆగిపోయింది. కమలాంబ నేలచూపులు చూస్తోంది. రహమత్‌బీకి అర్థమైంది. ఆడదానికి ఆడదాని మొహం అర్థం కావడానికి ఎంతసేపు. లోపలికి వెళ్ళి, కాసేపుండి, ఉత్తచేతుల్తో వచ్చింది.

"కనపడటం లేదండి. నా ఇంట్లో పెట్టారు, నేను చూసుకోవాల్సింది. తప్పు నాదే."

ఒక్క వాక్యం చాలు, కమలాంబ బయటపడిపోయేది. ఆ వాక్యం రహమత్‌బీ అనలేదు.

"చెప్తే విన్నారా నా మాట? అక్కడ పెట్టొద్దని మొత్తుకున్నా" అని సుబ్బాయమ్మ తనింటి గోడమీంచే అందుకుంది. "తోలుది కదా, ఎవరికైనా పనికొస్తుంది."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కమలాంబ చెయ్యి దానంతటదే కొంగుమీదకి పోయింది. నాగూర్ మాత్రం ఆ మాటకి నిలువునా కాలిపోయాడు. ఎవరితోనూ తగువు పడే మనిషి కాదు, తగువు పడలేదు కూడా. గిర్రున తిరిగి షెడ్డులోకి వెళ్ళి బస్తాలు తిరగేశాడు. దూదిరాశి చేతుల్తో తోడేశాడు. వైదేహి సంచీ కింద పడేసి ఆయనతోపాటు వెతికింది. బల్లకింద దూరుతుంది, బయటికొస్తుంది, గడియారం చూస్తుంది, మళ్ళీ దూరుతుంది.

"పరుపులోకి గాని పోయిందేమో" అన్నాడు నాగూర్ ఉన్నట్టుండి. "పెట్టెమీద ఉన్నదాన్ని దూదిమూట అనుకుని నేనే తెచ్చి కూరేశానేమో. నా బుద్ధికి ఏం తెలుసు."

షెడ్డులో ఒక పక్కన పెనుగొలను పెళ్ళివారి పరుపులు కుట్టి పేర్చి ఉన్నాయి. సాయంత్రానికి బండి వస్తుంది. ఎర్రపూల గుడ్డ, అంచంతా చేతికుట్టు. వారం రోజులనుంచి ఆ మొగుడూ పెళ్ళాం వాటిమీదే ఉన్నారు. నాగూర్ కత్తెర తీసుకుని మొదటి పరుపు అంచు సర్రున కోసేశాడు.

"వద్దు. అందులో లేదు" అని రహమత్‌బీ చెయ్యి పట్టుకుంది.

"లేదని నీకెలా తెలుసు?"

ఆవిడ పట్టు వదల్లేదు.

"తెలీదుగా. వదులు మరి. మనింట్లో పోయిందన్నమాట మనమీద ఉండటానికి వీల్లేదు" అని రెండో పరుపు కోశాడు. దూది పైకి లేచి షెడ్డంతా నిండింది. రామనాథ్ "నాగూర్, ఆగవయ్యా" అంటున్నా వినలేదు. మోచేతులదాకా పరుపు కడుపులో పెట్టి వెతుకుతున్నాడు. రహమత్‌బీ కళ్ళనిండా నీళ్ళు, అయినా కమలాంబ వైపు చూడలేదు. మూడో పరుపుమీద కత్తెర పడింది.

"ఆపు నాగూర్" అంది కమలాంబ. "అది మా ఇంట్లో ఉంది. నేనే తెచ్చా."

కత్తెర ఆగింది. దూది మాత్రం ఇంకా గాల్లోనే ఉంది.

"నిన్న మధ్యాహ్నం రహమత్ దగ్గర అబద్ధం చెప్పి తెచ్చా. మామయ్యగారు తెమ్మన్నారని చెప్పా. మీ ఇంట్లో ఉంచడం మంచిది కాదన్నారని కూడా చెప్పా." ఆవిడ రహమత్‌బీ వైపు తిరిగింది. "ఆయన ఆ మాట అనలేదు రహమత్. చచ్చినా అనరు. అది నా నోటిపాపం."

రహమత్‌బీ కొంగుతో మొహం ఒత్తుకుంది. "అన్నారని నమ్మేశానండి, అందుకే నిన్న అన్నం సయించలేదు. అనలేదన్నారు, ఇక చాలు" అంది.

గోడమీద సుబ్బాయమ్మ తల కనపడకుండా పోయింది.

వైదేహి షెడ్డు మధ్యలో నిలబడి ఉంది. పుట్టిన దగ్గరనుంచీ ఒక్కచోట నిలవని పిల్ల, చెయ్యి కూడా ఆడించకుండా నిలబడింది. "ఎందుకమ్మా?" అంది.

"భయం. ఇంకేముంటుంది? ఆ సీడీలో ఆ పిల్ల పడిపోయింది. లేచింది లేచింది అంటారు మీరంతా. లేచిందో లేదో నాకు కనపడలేదు, పడిందే కనపడింది. దాని మొహానికి నీ మొహం వచ్చింది."

"వద్దని నాతో ఒక్కమాట అన్నావా? నాన్నతో తగువేసుకున్నావు, పప్పు మాడ్చావు, గిన్నెలు విసిరావు. వద్దు వెళ్ళకు అని నాతో అన్నావా? అంటే ఆగిపోయేదాన్ని కదా."

"ఆగిపోతావని తెలిసే అనలేదే" అంది కమలాంబ. అనేశాక ఆవిడకే ఆశ్చర్యమేసింది, ఇన్నాళ్ళూ తన లోపలున్నది ఇదా అని. "ఆగిపోతావు. ఆగి, బతికినన్నాళ్ళూ నా మొహంలోకి చూస్తావు. ఆ చూపు పడలేక, నవమి ఆపిందనిపిద్దామనుకున్నా. ప్రస్థానం చెడిందనిపిద్దామనుకున్నా. నేను ఆపానని ఎవరూ అనకుండా."

రామనాథ్ గడియారం చూసుకున్నాడు. వైదేహి తాతగారివైపు తిరిగింది.

"ఇప్పుడెలా తాతయ్యా?"

దత్తాత్రేయులుగారు పెట్టిన ముహూర్తాన్ని మంటగలిపిన కోడలు ఎదురుగా ఉంది. తిట్టిపోస్తారని అందరూ అనుకున్నారు. ఆయన ఉత్తరీయం దులుపుకున్నారు, దూది పోలేదు, మళ్ళీ దులుపుకున్నారు.

"శాస్త్రం అడిగితే శాస్త్రం చెప్తాను. ప్రస్థానం చెడింది, ప్రయాణం లేదు. కానీ చెడగొట్టింది గ్రహాలు కాదు, మీ అమ్మ. అంచేత నన్నడక్కు, దాన్నే అడుగు."

వైదేహి తల్లి దగ్గరికి వచ్చింది. మొహంలో కోపం లేదు, అది ఉన్నా బాగుండేది.

"ఇప్పుడు అనమ్మా. నవమి లేదు, పంచాంగం లేదు. నీ నోటితో నువ్వు వద్దను. ఈ సంచీ ఇక్కడే వదిలేసి ఇంట్లోకి వచ్చేస్తా. నిన్ను ఒక్కమాట కూడా అనను, ఒట్టు."

పిల్ల నిజమే చెబుతోంది. కమలాంబకి తెలుసు. నెలరోజులనుంచి తను దేనికోసం కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుందో అది నోటిదాకా వచ్చి నిలబడింది. రెండక్షరాలు. వద్దు అంటే చాలు, ఈ రాత్రి పిల్ల ఇంట్లోనే పడుకుంటుంది, రేపూ పడుకుంటుంది. ఏ రబ్బరు బిళ్ళా తగలదు. ఆ మాట అందామనే నోరు తెరిచింది. ఎదురుగా పిల్ల కళ్ళు రెప్పవేయకుండా ఆ మాటకోసమే చూస్తున్నాయి. గోల్ ముందు నిలబడి వచ్చేదాన్ని ఇలాగే చూస్తుంది కాబోలు అనిపించింది కమలాంబకి. ఎంత గట్టిగా తగిలినా పక్కకి తప్పుకోదు ఈ పిల్ల.

ఆవిడ గబగబా వీధి దాటింది. మడిగదిలో జాడీల వెనకనుంచి మూట లాగి, ఉరుకులూ పరుగులమీద తిరిగొచ్చింది. పసుపుగుడ్డ విప్పి అక్కడే పారేసింది. పెద్దచేయి తీసి పిల్ల కుడిచేతికి తనే తొడిగింది. తొడగడం రాదు, బొటనవేలు ఎక్కడ పట్టాలో తెలియదు, వైదేహి వేళ్ళు కదిపి సర్దుకుంది.

"పద. బస్సు పోతుంది" అంది.

వైదేహి కదల్లేదు. "నిజంగానా?"

"మళ్ళీ అడిగావంటే వద్దంటాను. పద."

ఇక చూడాలి ఆ పరుగు. రామనాథ్ సూట్‌కేసు నెత్తిన పెట్టుకున్నాడు. నాగూర్ పెద్దసంచీ అందుకున్నాడు. దత్తాత్రేయులుగారు "నవమీ లేదు గివమీ లేదు, నడవండి" అని గదమాయిస్తూ అందరికంటే ముందు నడిచారు. బస్టాండు దగ్గరే కాబట్టి సరిపోయింది. జుట్టునిండా దూదితో ఈ గుంపు పరిగెత్తుకుంటూ వస్తుంటే టీకొట్టు దగ్గర జనం గ్లాసులు పట్టుకుని లేచి నిలబడ్డారు. బస్సు అప్పటికే వెనక్కి తీస్తున్నారు. కండక్టరు కేకలేస్తుంటే తండ్రీ కూతుళ్ళు ఎక్కారు.

కిటికీలోంచి వైదేహి తల బయటపెట్టింది. చేతికి తొడుగు ఇంకా తీయలేదు. నవ్వడం లేదు, ఏడవడం లేదు. తల్లి చేసిన పనిని ఇంకా క్షమించలేదని ఆ మొహం చూస్తే తెలుస్తోంది. కమలాంబ కిటికీ ఊచ పట్టుకుంది.

"అమ్మా" అంది వైదేహి. "అక్కడ ఆడే రోజు ఫోన్ చేస్తాను. ఆటకి ముందు చేయనా, ఆడాక చేయనా?"

బస్సు కదిలింది. కమలాంబ ఊచ వదలకుండా పక్కనే నడిచింది.

"ఆడాకే చెయ్యి" అంది. "ముందు చేస్తే వద్దంటానేమో."

బస్సు జోరందుకుంది. ఆవిడ ఊచ వదిలేసింది.